రంగులకు లెక్క నేర్పిన బడి పంతులు

నల్ల పిక్సెల్ విలువ 0. తెల్ల పిక్సెల్ విలువ 255. ఈ రెండింటి కాంతిని సగం సగం కలిపితే ఎంత వస్తుంది? టక్కున 127 అనేస్తాం. కానీ మనం ఫోన్‌లో తీసే మామూలు జేపెగ్ ఫొటోలో సరైన జవాబు దాదాపు 188. ఎందుకంటే ఆ ఫైల్లో ఉన్న అంకెలు కాంతి పరిమాణాలు కావు. స్క్రీన్ కోసం, కంటి కోసం ఒక వంపు ప్రకారం మార్చి దాచిన అంకెలు. ముందు వాటిని అసలు కాంతి విలువల్లోకి విప్పాలి, అక్కడ కలపాలి, తర్వాత మళ్లీ మడవాలి. వీఎఫ్ఎక్స్ వాళ్లు 'లీనియర్‌లో పని చెయ్యి' అని చెప్పేది దీన్నే. ఇది తెలియని ఫ్రెషర్ చేసిన షాట్‌లో మంట చుట్టూ మురికి అంచు కనిపిస్తుంది, బ్లర్ చేసిన లైటు మసకబారిపోతుంది.

అంతవరకు చాలామందికి తెలుసు. అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. రంగు అనేది మన కంటికీ మెదడుకీ సంబంధించిన అనుభవం కదా. దాన్ని మూడు అంకెలుగా రాసి, కూరగాయల లెక్కలా కూడొచ్చని ఎవరు చెప్పారు? ఏ ధైర్యంతో చెప్పారు?

1853లో ఒక జర్మన్ బడి పంతులు చెప్పారు. పేరు హెర్మన్ గ్రాస్‌మన్. లీనియర్ ఆల్జీబ్రా పుట్టుక గురించి చదివినవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. సంస్కృతం చదివే పరిశోధకులకీ తెలుసు. ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి. ఆ మనిషికి జీవితంలో కావాల్సిన ఉద్యోగం మాత్రం దొరకలేదు.

తోటమాలి అయినా చాలనుకున్న తండ్రి

గ్రాస్‌మన్ 1809 ఏప్రిల్ 15న స్టెటిన్‌లో పుట్టారు. అప్పుడది ప్రష్యాలోని ఓడరేవు పట్టణం. ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పేరు ష్చెచిన్. తండ్రి యుస్టుస్ అక్కడి హైస్కూల్లో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవారు. చిన్నప్పుడు హెర్మన్ ఏమంత చురుకైన విద్యార్థి కాదు. ధ్యాస ఒక చోట నిలిచేది కాదు. వీడు తోటమాలో, చేతిపనివాడో అయినా బాధపడకూడదని తండ్రి ముందే మనసుకు సర్దిచెప్పుకున్నారు.

1827లో హెర్మన్ బెర్లిన్ యూనివర్సిటీలో చేరారు. చదివింది క్రైస్తవ వేదాంతం, ప్రాచీన భాషలు. అక్కడ లెక్కల క్లాసులో కూర్చున్నట్టు ఆధారం లేదు. 1830లో ఊరికి తిరిగొచ్చాక సొంతంగా లెక్కలు మొదలుపెట్టారు. మరుసటి ఏడాది టీచర్ అర్హత పరీక్ష రాస్తే, కింది తరగతులకు మాత్రమే చెప్పొచ్చని తేల్చారు. అంటే సగం పాస్ అన్నమాట.

తర్వాత బెర్లిన్‌లో ఒక వృత్తివిద్యా స్కూల్లో ఏడాదికి కాస్త పైగా పనిచేసి, 1836లో మళ్లీ స్టెటిన్ చేరారు. పై తరగతులకు చెప్పే అర్హత కోసం ఇంకో పరీక్ష రాయాలి. దానికి సముద్రపు ఆటుపోట్ల మీద ఒక పెద్ద వ్యాసం సమర్పించారు. అర్హత కోసం రాసిన ఆ వ్యాసంలో, లాగ్రాంజ్, లాప్లాస్‌ల పద్ధతులను తీసుకుని, దిశ ఉన్న రాశులతో కొత్త రకం లెక్కగా తిరగరాశారు. ఇప్పుడు మనం ఫస్టియర్లో నేర్చుకునే వెక్టర్ లెక్కలు చాలావరకు అందులో ఉన్నాయి. 1840లో పరీక్ష పాసయ్యారు. వ్యాసంలో కొత్త గణితం పుట్టిందని మాత్రం పరీక్షకులు గమనించలేదు.

చెత్త కాగితాలైన పుస్తకం

1844లో ఆ ఆలోచనలన్నీ కలిపి ఒక పుస్తకం వేశారు. విస్తరణ సిద్ధాంతం అని దాని పేరుకు అర్థం. మూడు కొలతలకే ఎందుకు ఆగాలి, ఎన్ని కొలతలైనా ఉండొచ్చు, వాటిలో రాశులను కూడొచ్చు, గుణించొచ్చు అన్నది సారాంశం. లీనియర్ ఇండిపెండెన్స్, డైమెన్షన్ లాంటి భావనలు అందులోనే ఉన్నాయి.

ఎవరూ చదవలేదు. పుస్తకం తత్వశాస్త్రంతో మొదలవుతుంది. ఉదాహరణలు తక్కువ. పదాలన్నీ ఆయన సొంతంగా కల్పించినవి. పేరున్న గణితవేత్త మోబియస్‌ని సమీక్ష రాయమని అడిగితే ఆయన తప్పుకున్నారు. చివరికి గ్రాస్‌మన్ తన పుస్తకానికి తనే ఒక సమీక్ష రాసుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1864లో, అమ్ముడుపోని సుమారు 600 కాపీలను పబ్లిషర్ చెత్త కాగితాల కింద వాడేశారు.

మధ్యలో ఒక ఆశ చిగురించింది. లైబ్‌నిట్జ్ వదిలేసిన ఒక గణిత సమస్య మీద లైప్జిగ్‌లో పోటీ పెట్టారు. 1846లో ఆ బహుమతి గ్రాస్‌మన్‌కి వచ్చింది. పోటీకి వచ్చిన వ్యాసం ఆయనదొక్కటే. ఆ ఊపుతో 1847లో యూనివర్సిటీ ఉద్యోగానికి తనను పరిశీలించమని ప్రష్యా విద్యాశాఖకు రాశారు. శాఖవాళ్లు కుమ్మర్ అనే పెద్ద గణితవేత్త అభిప్రాయం అడిగారు. కుమ్మర్ ఆ బహుమతి వ్యాసం చదివి, విషయం బాగుంది గానీ చెప్పిన తీరు బాగాలేదని రిపోర్టు పంపారు. దాంతో ఆ దారి మూసుకుపోయింది.

కుమ్మర్‌ని విలన్‌ని చేసేయడం తేలిక. కానీ ఆయన రాసింది పూర్తిగా అబద్ధం కాదు. గ్రాస్‌మన్ ఆలోచనలు తన కాలం కంటే ముందున్నాయి నిజమే. వాటిని చదివేవాడు ఎక్కడి నుంచి మొదలుపెడతాడో ఆయన ఆలోచించలేదన్నది కూడా నిజమే.

పదహారు పేజీలు

1849లో తెరేజా క్నాపేతో పెళ్లయింది. తర్వాతి ఏళ్లలో పదకొండు మంది పిల్లలు పుట్టారు, ఏడుగురు పెద్దయ్యేదాకా బతికారు. 1852లో తండ్రి చనిపోయాక, స్టెటిన్ హైస్కూల్లో ఆయన పోస్టు కొడుక్కి వచ్చింది. ప్రొఫెసర్ అనే బిరుదు కూడా ఇచ్చారు గానీ, పని మాత్రం బడి పిల్లలకు పాఠాలు చెప్పడమే.

అదే ఏడాది హెల్మ్‌హోల్ట్జ్ రంగుల మీద ఒక పరిశోధన ప్రచురించారు. ఆయన ఇంద్రధనుస్సులోని రంగు కాంతులను రెండేసి చొప్పున కలిపి చూశారు. తెలుపు ఇచ్చే జత ఒక్కటే దొరికింది, పసుపు, ఇండిగో నీలం. మిగతా రంగులకు జోడీ లేదన్నారు.

ఇది న్యూటన్ వర్ణచక్రానికి విరుద్ధం. గ్రాస్‌మన్ 1853లో ఒక ఫిజిక్స్ పత్రికలో జవాబు రాశారు. సుమారు పదహారు పేజీలు. ఈసారి తత్వశాస్త్రం లేదు. హెల్మ్‌హోల్ట్జ్ చెప్పినదాన్నుంచే మొదలుపెట్టి, తాను నమ్ముతున్న నాలుగు విషయాలను విడివిడిగా రాసి, వాటి నుంచి ఫలితం తీశారు. వాడుక భాషలో చెప్పాలంటే అవి ఇవి:

1. ఏ రంగు అనుభవాన్నైనా మూడు కొలతలతో చెప్పొచ్చు. ఏ వర్ణం, అది ఎంత తీవ్రంగా ఉంది, అందులో తెలుపు ఎంత కలిసింది.

2. కలిపే రెండు కాంతుల్లో ఒకటి మెల్లగా మారితే, మిశ్రమం కూడా మెల్లగానే మారుతుంది. ఎక్కడా దూకదు.

3. కంటికి ఒకేలా కనిపించే రెండు కాంతులను వేటితో కలిపినా మిశ్రమాలు ఒకేలా కనిపిస్తాయి. ఆ కాంతులు లోపల దేనితో తయారయ్యాయన్నది అనవసరం.

4. మిశ్రమం తీవ్రత, కలిపిన కాంతుల తీవ్రతల మొత్తం.

రెండో నియమంతో ఆయన వేసిన ఎత్తు చూడండి. ఒక ఆకుపచ్చ కాంతి తీసుకుని, దానికి వర్ణచక్రంలోని ఒక్కో రంగునూ కలుపుతూ పోండి. ఒక వైపు రంగులు కలిపితే మిశ్రమం పసుపు దిక్కుగా జరుగుతుంది. రెండో వైపువి కలిపితే నీలం దిక్కుగా జరుగుతుంది. మార్పు మెల్లగానే జరగాలంటే, ఈ రెండు దిక్కులూ మారే చోట ఒక రంగు ఉండి తీరాలి. దాన్ని తగిన పాళ్లలో కలిపితే మిశ్రమం ఎటూ మొగ్గదు. అంటే తెలుపు. కాబట్టి ప్రతి రంగుకీ జోడీ ఉంటుంది. ఆకుపచ్చ జోడీ ఇంద్రధనుస్సులో లేదు, ఎరుపు, ఊదా కలిస్తే వచ్చే వంగపండు రంగు అది.

హెల్మ్‌హోల్ట్జ్ మెరుగైన పద్ధతితో ప్రయోగాలు మళ్లీ చేశారు. ఈసారి స్పెక్ట్రమ్‌లోనే మరిన్ని జతలు దొరికాయి. ఆయన తన మాట సవరించుకున్నారు. 1854లో ఈ వ్యాసం ఇంగ్లిష్‌లో వచ్చింది. రంగుల మీద పనిచేస్తున్న యువ మాక్స్‌వెల్ కూడా దాన్ని చదివారు. తర్వాత మాక్స్‌వెల్ రంగుల చక్రాలు తిప్పి, అసలు కొలతలు తీసుకున్నారు.

1844 పుస్తకం రాసిన మనిషే ఈ పదహారు పేజీలూ రాశారు. లోపలి ఆలోచన కూడా ఒకటే: రాశులను కూడటం. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ చదివేవాడికి అప్పటికే తెలిసిన సమస్య దగ్గర మొదలుపెట్టారు. ఒప్పుకోనివాళ్లు ఏ మెట్టు దగ్గర ఒప్పుకోవడం లేదో వేలు పెట్టి చూపించగలిగేలా రాశారు.

మ్యాట్రిక్స్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఇప్పుడు వీఎఫ్ఎక్స్ స్టూడియోకి వద్దాం. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ తయారుచేసిన ఏసెస్ పద్ధతిలో సీజీ, కాంపోజిటింగ్ కోసం ఏసెస్‌సీజీ అనే కలర్ స్పేస్ ఉంది. ఏసెస్ మొదటి పూర్తి వెర్షన్ 2014 చివర్లో వచ్చింది. ఏసెస్‌సీజీ లీనియర్, పైగా వైడ్ గామట్. ప్రతి ఆర్‌జీబీ స్పేస్‌కీ మూడు మూల రంగులుంటాయి. రంగుల పటం మీద వాటిని కలిపితే ఒక త్రిభుజం. హెచ్‌డీ టీవీల కోసం పెట్టిన రెక్ 709 త్రిభుజం చిన్నది, ఏసెస్‌సీజీ త్రిభుజం బాగా పెద్దది. గాఢమైన ఎల్‌ఈడీ నీలాలు, లేజర్ ఎరుపులు అందులో సర్దుకుంటాయి.

ఒక స్పేస్ నుంచి ఇంకో స్పేస్‌కి మారడానికి తొమ్మిది అంకెల మ్యాట్రిక్స్ చాలు. ఎందుకు చాలు? గ్రాస్‌మన్ మూడో నియమం వల్ల. రెక్ 709 ఎరుపుకి సమానంగా కనిపించే మిశ్రమం ఏసెస్‌సీజీ మూల రంగుల్లో ఏదో కనుక్కుంటే, ఇక ఎక్కడ ఆ ఎరుపు ఉన్నా బదులుగా ఆ మిశ్రమం పెట్టేయొచ్చు. వైట్ పాయింట్ తేడాని కూడా సర్దితే అది సుమారుగా 0.61, 0.07, 0.02. ఆకుపచ్చకి మూడు అంకెలు, నీలానికి మూడు. మొత్తం తొమ్మిది. ఈ నియమం లేకపోతే ప్రతి రంగుకీ ఒక ప్రత్యేక పట్టిక కావాలి.

దీన్నుంచి పనికొచ్చే మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, ఈ మ్యాట్రిక్స్ లీనియర్ విలువల మీద మాత్రమే పనిచేస్తుంది. మడిచి దాచిన జేపెగ్ అంకెల మీద వేస్తే వచ్చేది తప్పు రంగు. ముందు విప్పాలి, తర్వాత గుణించాలి. అలాగే రఫ్‌నెస్, నార్మల్ మ్యాప్‌లు చూడ్డానికి బొమ్మల్లా ఉన్నా రంగులు కావు, వాటికి ఏ కలర్ మార్పిడీ చేయకూడదు.

రెండోది, పెద్ద త్రిభుజం నుంచి చిన్నదానికి వస్తే మైనస్ విలువలు రావొచ్చు. ఏసెస్‌సీజీ శుద్ధ ఎరుపు రెక్ 709లో సుమారు 1.71, -0.13, -0.02 అవుతుంది. ఇది సాఫ్ట్‌వేర్ బగ్ కాదు. ఆ రంగు చిన్న త్రిభుజం బయట ఉందని అర్థం. మైనస్‌ని ఊరికే సున్నా చేసేస్తే వర్ణం మారిపోతుంది. నియాన్ బోర్డుల చుట్టూ కనిపించే వికారమైన అంచులకు ఇదొక కారణం.

మూడోది చాలామంది పట్టించుకోరు. గ్రాస్‌మన్ నియమాలు కాంతులను కలపడం గురించి, అంటే కూడిక గురించి. రెండు లైట్లను రెక్ 709 లీనియర్‌లో కూడినా, ఏసెస్‌సీజీలో కూడినా, ఫలితాన్ని ఒకే స్పేస్‌లోకి తెస్తే సమానమే. కానీ రెండర్‌లో కాంతి ఒక రంగు గోడను తాకితే మనం చేసేది గుణకారం, ఛానల్‌కి ఛానల్. దీనికి ఆ నియమాల పూచీ లేదు. నిజంగా జరిగేది ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గరా విడిగా జరిగే గుణకారం. మూడు అంకెలతో చేసేది దానికి దగ్గరి అంచనా మాత్రమే. అందుకే ఒకే సీన్ రెండు స్పేస్‌లలో రెండర్ చేస్తే, కాంతి నాలుగైదుసార్లు తుళ్లిపడిన చోట రంగులు వేరుగా వస్తాయి. ఏ స్పేస్‌లో పనిచేయాలన్న నిర్ణయానికి అంత ప్రాముఖ్యం ఇందుకే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ నియమాలు కూడా అన్ని పరిస్థితుల్లోనూ అచ్చంగా నిలబడవు. బాగా చీకట్లో మన కన్ను వేరేలా పనిచేస్తుంది. గాఢమైన రంగులు లెక్క చెప్పినదానికంటే వెలుతురుగా అనిపిస్తాయి. అయినా 1931లో అంతర్జాతీయంగా స్థిరపడిన రంగుల కొలమానం నుంచి ఇవాళ్టి ఏసెస్ దాకా, అన్నీ ఈ పునాది మీదే నిలబడి ఉన్నాయి.

బభూవ వెనకున్న మనిషి

రంగుల వ్యాసానికి గుర్తింపు వచ్చినా ఉద్యోగం మారలేదు. 1862లో తన పాత పుస్తకాన్ని పూర్తిగా తిరగరాసి, సొంత ఖర్చుతో 300 కాపీలు వేశారు. ఈసారి తత్వశాస్త్రం తీసేసి సిద్ధాంతం, నిరూపణ పద్ధతిలో రాశారు. అదీ పెద్దగా ఎవరూ చదవలేదు. అంటే రాసే పద్ధతి మార్చుకున్నా ప్రతిసారీ పని జరుగుతుందని గ్యారంటీ లేదు.

ఆ తర్వాత ఆయన దృష్టి భాషల మీదకు ఎక్కువగా మళ్లింది. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లకి బభూవ, దధాతి గుర్తుండే ఉంటాయి. భూ ధాతువుని రెట్టిస్తే మొదట భ రావాలి కదా, బ ఎందుకొచ్చింది? ధా నుంచి ధధాతి కాకుండా దధాతి ఎందుకైంది? వరసగా రెండు అక్షరాల్లో ఒత్తు పలికే హల్లులు వస్తే మొదటిది ఒత్తు పోగొట్టుకుంటుందని, ప్రాచీన గ్రీకులో కూడా ఇదే జరిగిందని 1863లో గ్రాస్‌మన్ వివరించారు. భాషాశాస్త్రంలో దీన్ని ఇప్పటికీ గ్రాస్‌మన్ సూత్రం అనే అంటారు. తర్వాత రుగ్వేదానికి పూర్తి నిఘంటువు తయారుచేశారు. 1873 నుంచి 1875 వరకు అది విడతలుగా వచ్చింది. పరిశోధకులు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఆ వెంటనే రుగ్వేదాన్ని జర్మన్‌లోకి అనువదించారు. ఇవన్నీ బడిలో పాఠాలు చెబుతూనే.

1876లో ట్యూబింగెన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, భాషల్లో చేసిన కృషికి. గణితంలో గుర్తింపు అప్పుడప్పుడే మొదలైంది. హాంకెల్, క్లెబ్ష్ లాంటి యువ గణితవేత్తలు ఆయన పేరు ఎత్తడం మొదలుపెట్టారు. 1871లో గోటింగెన్ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం వచ్చింది. చివరి రోజుల్లో మళ్లీ లెక్కలకు తిరిగొచ్చి, 1844 పుస్తకం రెండో ముద్రణకు సిద్ధం చేశారు. అచ్చులో చూడలేకపోయారు. 1877 సెప్టెంబర్ 26న స్టెటిన్‌లో గుండె జబ్బుతో చనిపోయారు. పుస్తకం 1878లో వచ్చింది. పదేళ్లకు, 1888లో, పియానో ఆ ఆలోచనల ఆధారంగా వెక్టర్ స్పేస్‌కి స్పష్టమైన నిర్వచనం రాశారు. గ్రాస్‌మన్ కొడుకుల్లో ఒకరు, ఆయన పేరే పెట్టుకున్న హెర్మన్, గీసెన్ యూనివర్సిటీలో గణిత ప్రొఫెసర్ అయ్యారు. తండ్రికి దక్కని ఉద్యోగం అది.

మీ పదహారు పేజీలు

కష్టపడితే ఏదో ఒక రోజు గుర్తింపు వస్తుందని చెప్పడానికి ఈ కథ పనికిరాదు. ఆయనకు బతికుండగా వచ్చింది కొంచెమే. ఒక పనికొచ్చే పోలిక మాత్రం ఇందులో ఉంది. అదే బుర్ర, అదే గణితం. పుస్తకం చెత్త కాగితమైంది, వ్యాసం తన కాలంలోనే పెద్ద శాస్త్రవేత్త మాటను మార్చింది.

వీఎఫ్ఎక్స్‌లో లైటింగ్, కాంపోజిటింగ్, పైప్‌లైన్ ఉద్యోగాలకి ట్రై చేస్తున్నవాళ్లు, హైదరాబాద్‌లో అయినా బయట అయినా, ఒక చిన్న పని చేయొచ్చు. డబ్బు ఖర్చు లేదు, పైథాన్ చాలు. రెండు లైట్ల రంగుల్ని రెక్ 709 లీనియర్‌లో కూడండి. అవే రంగుల్ని ఏసెస్‌సీజీలోకి మార్చి కూడి, వెనక్కి తెండి. జవాబు ఒకటే వస్తుంది. తర్వాత కూడిక స్థానంలో గుణకారం పెట్టండి. తేడా వస్తుంది. ఎందుకు వచ్చిందో రెండు పేజీల్లో రాయండి. ఏం ఊహించారు, ఏం కొలిచారు, ఎక్కడ తేడా వచ్చింది, అంతే. షోరీల్ పక్కన ఆ రెండు పేజీలూ పెట్టండి. మీ రీల్ చూసే సూపర్‌వైజర్‌కి షాట్ బాగుందో లేదో క్షణంలో తెలుస్తుంది. అది ఎందుకు బాగుందో మీకు తెలుసా లేదా అన్నది ఆ పేజీల్లోనే తెలుస్తుంది.